బాలింత తలనొప్పి

పాండురోగము మన యిండ్లలో రోగముగా లెక్కకు రాదు. ముఖము పాలిపోయిన కోడలిని జూచి "పిల్ల తెల్లబడినది" యని మురిసిన యత్తగారిని నే నెరుగుదును. నెత్తురు తక్కువైన నీరసము గలుగునని యందరు నొప్పుకొందురు. పక్షవాతము గూడ రావచ్చునన్న, పలుచని నెత్తురు గడ్డకట్టు టెట్లని చదువుకొన్నవారే ప్రశ్నింతురు.

ప్రశ్న సమంజసమే. ఇనుము కొరవడినపుడు తగ్గునది హీమోగ్లోబిను. గడ్డకట్టుటకు తోడ్పడు రక్తఫలకములు పలువురిలో తగ్గకపోగా పెరుగును. మెదడునుండి నెత్తురును గుండెకు మరలించు సిరలలో గడ్డ యేర్పడిన నదియు నొక విధమగు పక్షవాతమే. ఇది బాలింతలకు హెచ్చు. కానుపైన కొన్ని వారములు స్త్రీ నెత్తురు సహజముగనే గడ్డకట్టుటకు మొగ్గును. అధిక రక్తస్రావమునుండి ప్రకృతి చేసిన రక్షణ యది. ఇనుములేమి దానికి తోడగును. మూడవదానిని మనమే చేర్చుచున్నాము: దాహమునకు నీరీయకుండుట.

మా పినతల్లి కొమార్తె తొలికానుపు పదియవనాడు తలనొప్పియని మూల్గెను. నీరు త్రాగిన నొడలు వాచునని గ్రుక్కెడేసి పోయుచుండిరి. గాలి సోకెనని యొకరు, దిష్టియని యొకరు. వాంతులైనను పథ్యము సడలలేదు. మూడవనాడు మూర్ఛవచ్చి కుడిచేయి పడిపోయిన పిమ్మటగాని ఆసుపత్రికి గొనిపోలేదు. గర్భిణికైనను 11 గ్రాములుండవలసిన హీమోగ్లోబి నామెకు 6 మాత్రమే యుండెను. బ్రదికినది. నేటికిని బిడ్డకు జడవేయునపుడు ఎడమచేయియే ముందుకు వచ్చును.

ఇట్టి యాపద యరుదు; పాండురోగము మాత్రము అరుదు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 59 మందికి, తెలంగాణమున 58 మందికి నిది గలదు. కావున బాలింతకు విడువని తలనొప్పితో వాంతులుగాని, చూపు మసకగాని, కాలుసేతుల తిమ్మిరిగాని కలిగిన నానాడే వైద్యునికి జూపవలెను, రేపటివరకు నాగరాదు.

ఇనుప మాత్రలు ప్రభుత్వము ఉచితముగనే యిచ్చుచున్నది. అవి కడుపున త్రిప్పును, మలము నల్లబడును. ఈమాట ముందుగా జెప్పువారు లేక, బెదరిన పిల్లలు వానిని దాచివేయుదురు. కొందరు కాఫీతో మ్రింగుదురు. అట్లు చేసిన నినుము సరిగా నొంటబట్టదు. నిమ్మరసము తోడైన మేలు. మా పినతల్లి యింట రెండవ కూతురి కానుపునాడు పురిటిగదిలో నీళ్లకూజా పెట్టిరి. చూడవచ్చిన యమ్మలక్కలు ముక్కున వ్రేలిడుకొనిరి. కూజా మాత్రము సాయంకాలమునకు రెండుమార్లు నింపవలసి వచ్చెను.