చక్రముల యింట సంక్రాంతి

నల్లానుండి నీరు బొట్లుబొట్లుగా కాఱుచుండగా చూచి యూరకుండుట మా యింట మహాపాతకములలో నొకటి. మేము నివసించునది నల్లగండ్ల. ఊరి పేరు మోయుచు చెఱువొకటి ప్రక్కనే యున్నది. దాని చుట్టును మేడలు లేచినవి. మేడలలో నీళ్లకు మాత్రము ఎల్లప్పుడును కఱవే. ఫాల్గుణము దాటగనే బోరుబావులు గాలిని తోడ నారంభించును. టాంకరు వచ్చి నేలతొట్టిలో నీరు వదలు చప్పుడు వినబడిన గాని మా మేడలో నెవరికిని కంటికి కునుకు రాదు. మా తల్లిగారు బక్కెట్లు లెక్కపెట్టుదురు. పిల్లవాడు పండ్లు తోముకొనుచు నల్లా విడిచిపెట్టినచో, మేము పాఠము నాపి లేచిపోయి కట్టివచ్చుట కలదు. ఇరువది యేండ్లుగా బడిపిల్లలచేత నీటిపొదుపును గూర్చి వ్యాసములు వ్రాయించుచున్నాము; వానిలో సగము మేము చెప్పగా వారు వ్రాసినవే. ఇట్టి మా సద్గుణమే మా తమ్ముని యింట నీటిగొట్టమును పగులగొట్టినదనిన చదువరులు నమ్ముదురో లేదో!

మా తమ్ముడు మాకంటె నెనిమిదేండ్లు చిన్న. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరపు పొలిమేరల నున్నాడు. ఆసుపత్రులలో కంప్యూటరు వ్యవస్థల నమర్చుట యతని పని. ఒక యూర నాఱు మాసములు, మఱియొక యూర నెనిమిది మాసములు. ఊరూర నిల్లు అద్దెకు వెదకుకొనుటకంటె ఇంటినే వెంట తీసికొనిపోవుట మేలని తలచి, ముప్పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గల ట్రైలరు నొకదానిని కొనెను. ఇట్టి చక్రముల యిండ్లను ఆ దేశమున ఆర్‌వీ లందురు. లోపల పడక, పొయ్యి, స్నానపుగది యన్నియు గలవు. ఈ సంగతి మాకు చెప్పెను గాని తల్లిగారికి చెప్పవలదనెను. 2023 కార్తికమున నొక సంబంధము నిశ్చయము కావచ్చినది. పిల్ల తండ్రి ఫోనులో ముఖము చూచుచు మాటలాడుచుండగా, వెనుక కిటికీలో ప్రక్కబండి చక్రము కనబడినది. ఇల్లు లేనివానికి పిల్లనెట్లిత్తుమని వారు వెనుదీసిరి. మా తల్లిగారు రెండు దినములు భోజనము ముట్టలేదు. వీసా మాకు పూర్వమే యుండుటచే, సంక్రాంతి సెలవులకు మఱి పది దినములు చేర్చుకొని పోయి, తమ్మునికి బుద్ధి చెప్పి గోడలు గల యింట ప్రవేశపెట్టి రమ్మని మమ్ము పంపిరి. మేమును ఆ బండిని సంతకు పోవువారి బండిగానే భావించుచుంటిమి, దాచనేల? మేము నల్లగండ్లలో కాపురముండు నింటి యప్పులో సగము ఆ బండిలోనుండియే తీఱుచున్నదను మాట మా కప్పుడు జ్ఞప్తికి రాలేదు.

నీరు గడ్డకట్టుట యనగా మాకు పుస్తకములలోని మాట. అమరసింహుడు మంచునకు అవశ్యాయము, నీహారము, తుషారము, తుహినము, హిమము, ప్రాలేయము, మిహిక యని యేడు పేళ్లు చెప్పెను. ఏడును మాకు కంఠస్థములు. లంబసింగి మన్యమున కొన్ని వేకువల గడ్డిపై తెల్లగా మంచు పేరుకొనునని విన్నాము గాని, హైదరాబాదులో చలికి గొట్టము పగిలినదని యెన్నడు వినలేదు. మా గొట్టములకు భయమంతయు వేసవిలోనే. మేడమీది నల్లని తొట్టిలోని నీరు వైశాఖమధ్యాహ్నమున చేయి పెట్టనీయదు.

ఆ బండిలోనికి నీరు రెండు త్రోవల వచ్చును. బండ్లు నిలుపు పార్కులో ఒక్కొక్క స్థలమునకు నొక నల్లా యుండును. దానినుండి గొట్టము తగిలించుకొందురు. అదిగాక బండి కడుపులో నొక తొట్టి కలదు. దానిని నింపుకొని చిన్న విద్యుత్పంపుతో తోడుకొనవచ్చును. వాడిన నీటి కొక తొట్టి, మలమూత్రముల కొక తొట్టి క్రింద వ్రేలాడుచుండును. పునాది లేదు గనుక నేలలోని వెచ్చదనము దాని కందదు. గొట్టములు పలుచని గోడల వెనుకగా, నాలుగు దిక్కుల గాలియు తగులునట్లు పోవును. మామూలు ఇల్లు లెక్కసేయని చలికి నిది లొంగిపోవును.

మా తమ్ముడు చేసికొన్న యేర్పాట్లు చూడగా మాకు ముచ్చట వేసినది. బండి యడుగుభాగము చుట్టును నురుగుపలకలతో గోడవలె మూసెను. వెలుపలి గొట్టము సామాన్యమైనది గాదు; లోన విద్యుత్తీగ గలిగి, చలి ముదిరినపుడు తనంతట తాను వేడెక్కును. పార్కు నల్లాకు నురుగుతొడుగు తొడిగెను. పంపు గల యఱలో పాతకాలపు గాజుబుడ్డిదీప మొకటి వ్రేలాడదీసెను. అది వెలుగునకు గాదు, వేడికి. గదిని వెచ్చజేయు పొయ్యి ప్రొపేనుతో మండును. మన వంటగ్యాసులో ప్రొపేనుతో పాటు బ్యూటేనును గలియును. బ్యూటేను ఇంచుమించు శూన్యడిగ్రీలయొద్దనే ఆవిరియగుట మానును. ప్రొపేను శూన్యమునకు నలువదిరెండు డిగ్రీలు దిగువ వఱకు ఆవిరి యగుచునే యుండును. మన సిలిండరు నచ్చట పెట్టినచో పెద్దచలిలో సగము నిద్రపోవునన్న మాట.

బండిని కొన్నాళ్లు పాడుపెట్టి పోవువారు నీరంతయు దింపివేసి, గొట్టములలో గులాబిరంగు ద్రవము నింపుదురు. అది ప్రొపిలీన్ గ్లైకాలు, విషము గాదు. కార్ల యంత్రములలో పోయు ఇథిలీన్ గ్లైకాలు తియ్యగా నుండి ప్రాణము తీయును గావున దానిని నీటిగొట్టముల దరి చేరనీయరాదు. కాపురముండువాని కీ యుపాయము కూడ చెల్లదు. వానికి నీరు కావలెను. ఆ నీరు కదలుచుండవలెను.

భోగినాడు, అనగా 2024 జనవరి 14వ తేదీన, రాత్రికి శూన్యమునకు పది డిగ్రీలదాక దిగిపోవునని వాతావరణశాఖవారు హెచ్చరించిరి. ప్రయాణపు బడలికచే మేము పగటివేళనే నిద్రించితిమి. తమ్ముడు మేము నిద్రలో నుండగనే గిన్నెతొట్టి క్రింది బీరువాతలుపులు బార్లగా తెఱచి, వెచ్చనిగాలి గొట్టములకు తగులునట్లు చేసి, నల్లాను సన్నని ధారగా విడిచి పండుకొనెను. అర్ధరాత్రమున మాకు మెలకువ వచ్చినది. చీకటిలో టప్పు టప్పుమని చప్పుడు. ఎట్టి నిర్లక్ష్యము! అమెరికాకు పోయి పదేండ్లు కాగా పిల్లవాడు నల్లగండ్లను మఱచినాడే యని మనసు కలగినది. లేచి నల్లాను బిగించి కట్టితిమి. బీరువాతలుపులు తెఱచియుండుట గూడ చూచి, అవియు మూసి, కర్తవ్యము నెఱవేర్చినవాని నిద్ర నిద్రించితిమి.

తెల్లవాఱి లేచి చూడగా సంక్రాంతి. తలంటి పోసికొనవలసిన దినము. నల్లాలో చుక్క లేదు.

“అన్నయ్యా, రాత్రి నల్లా నీవు కట్టితివా?” అని తమ్ముడు అడిగెను. కోపము లేదు. అదియే మమ్ము మఱింత బాధించినది. పిమ్మట నాతడు చెప్పగా తెలిసినది: నీరు చల్లబడినకొలది ముడుచుకొనుచు వచ్చి, నాలుగు డిగ్రీలు దాటినపిదప మరల విప్పాఱుటకు మొదలిడును, గడ్డకట్టినపుడు నూటికి సుమారు తొమ్మిదిపాళ్లు పెరుగును. ఈ మాట మేమును బడిలో చెప్పినదే. మే మెఱుగనిది తరువాతి సంగతి. గొట్టములో నొకచోట మంచుబిరడా యేర్పడి పెరుగుచుండగా, ఆ బిరడాకును మూసిన నల్లాకును నడుమ చిక్కిన నీరు పోవుటకు త్రోవ లేక నలిగి, మంచు లేనిచోట గొట్టమును చీల్చును. నల్లా కొంచెము తెఱచియున్నచో ఆ ఒత్తిడి బొట్టుబొట్టుగా వెలికి పోవును. ఆ టప్పు టప్పు చప్పుడు నిర్లక్ష్యము గాదు. రాత్రియెల్ల కావలికాచిన కాపరి యడుగుల చప్పుడు. ఆ కాపరిని మేము వెడలగొట్టితిమి.

నిప్పుతో గొట్టమును వేడిచేయబోవువారు బండినే తగులబెట్టుకొందు రట. తమ్ముడు నల్లా పూర్తిగా తెఱచి, తల ఆరబెట్టుకొను యంత్రమును చేతబట్టి, నల్లా కొననుండి వెనుకకు వచ్చుచు గంటన్నరసేపు గొట్టమునకు వెచ్చనిగాలి పట్టెను. మేము దీపము పట్టుకొని కూర్చుంటిమి. ఆ వేళ నాతడు 2021 ఫిబ్రవరి కథ చెప్పెను. అప్పుడు డల్లాసులో చలి శూన్యమునకు పందొమ్మిది డిగ్రీలు దిగువకు పోయినది. విద్యుత్కేంద్రములును, వానికి గ్యాసు నందించు యంత్రములును గడ్డకట్టి నిలిచిపోగా, టెక్సాసులో నలువదియైదు లక్షల యిండ్లకు పైగా చీకటిలో బడినవి. ప్రభుత్వపు లెక్కలోనే రెండువందల నలువదియాఱుగురు మరణించిరి. తమ్ముడప్పుడు అద్దెయింట నుండెను. పైయింటి గొట్టము పగిలి, వంటయింటి పైకప్పు కూలి యతని పొయ్యిపై బడినది. “గోడలున్న యిల్లే, అన్నయ్యా,” అని చెప్పి యూరకుండెను. మా రాక యెందుకో యాతడు గ్రహించియే యున్నాడని మా కప్పుడు తెలిసినది.

మంచు కరగినది. గొట్టము మంచిదే, సాగు జాతిది గనుక తట్టుకొన్నది. మలుపుకడ నున్న మోచేయి తునుక మాత్రము నెఱ్ఱెవిచ్చియుండెను. నీరొక్కసారిగా మా ముఖమునకు, పుస్తకములకు, పరుపునకు చిమ్మినది. అమరమున నీటికి సర్వతోముఖమని యొక పేరు కలదు. ఎన్ని యేండ్లుగా వల్లించినను దాని యర్థము మాకు తెలిసినది ఆ యుదయముననే. తమ్ముడు పరుగెత్తి పార్కు నల్లాను కట్టివచ్చి, పెట్టెలోనుండి వేఱొక మోచేయి తీసి అఱగంటలో బిగించెను. సంస్కృతము, ఆంగ్లము రెండును చదివిన మేము గుడ్డతో నేల తుడిచితిమి. అభ్యంగనము కేటిలులోని నీటితో ముఖప్రక్షాళనగా ముగిసినది.

ఆనాటి కష్ట మంతటితో పోలేదు. చలికాలమున మురుగుతొట్టి తూములు మూసియే యుంచి, తొట్టి నిండినపుడు ఒక్కసారిగా వదలవలెను. తెఱచియుంచినచో సన్నగా జాఱునది గొట్టములోనే గడ్డకట్టి త్రోవ మూయును. అతిథి యొకడు వచ్చుటచే తొట్టి నియమితకాలమునకు ముందే నిండినది. ఆ యతిథి మేమే. మధ్యాహ్నము కొంచెము ఎండ రాగా తమ్ముడు చేతితొడుగులు వేసికొని వెలుపలికి పోయి, లావుపాటి గొట్టము విప్పి, “అన్నయ్యా, ఈ కొన కొంచెము పట్టుకో, ఉబికి పైకి లేచును,” అని రెండవ జత తొడుగులు చాచెను. మేము రెండడుగులు వెనుకకు వేసితిమి. ఆతడు చాచిన చేయి చాచినట్లే యుండెను.

అప్పుడు మాకు మా నల్లగండ్ల మేడ జ్ఞప్తికి వచ్చినది. 2022 ఎండకాలమున మురుగుగుంట పొంగినది. నివాసుల సంఘమునకు మేము కార్యదర్శులము. యంత్రము తెప్పించిన వ్యయమధికమని సంఘము, అనగా మేము, ఒక మనిషిని పిలిపించితిమి. ఆతడు తొడుగులు లేక, ముఖమునకు గుడ్డ లేక, తాడు పట్టుకొని లోనికి దిగెను. అట్లు దింపుట 2013 చట్టముచే నిషిద్ధము. ఆ చట్టమును మేమే తొమ్మిదవ తరగతికి పాఠముగా చెప్పియుంటిమి. ఆతడు ప్రాణములతో పైకి వచ్చుట మా యదృష్టము. కూలి చేతికీయక గోడమీద పెట్టితిమి. స్నానమునకు నీరడిగెను. టాంకరునీటి దినములు. రెండు బక్కెట్లు ఇప్పించితిమి, లెక్కపెట్టి.

తొడుగులు వేసికొంటిమి. గొట్టపు కొన పట్టితిమి. చేతిలో నది వెచ్చగా కదలినది, కడుపులో త్రిప్పినది, పది నిమిషములలో పని ముగిసినది. పిమ్మట తమ్ముడు గొట్టమును కడుగుచు, మొదటిసారి తనకు వాంతియైనదని నవ్వెను. అతనికి బుద్ధి చెప్పుటకు మేము ప్రయాణములో కూర్చుకొన్న వాక్యములలో నొకటియు పైకి రాలేదు.

తిరిగివచ్చిన పిదప సంఘపు సభలో, ఇకమీదట మురుగుగుంటకు మనిషిని దింపరాదనియు, యంత్రపు వ్యయమును ఇంటింట పంచవలెననియు ప్రతిపాదించితిమి. పెద్దగలభా జరిగినది. నాలుగు వోట్ల తేడాతో నెగ్గితిమి. ఇద్దఱు పొరుగువారు నేటికిని మాతో మాటలాడరు. ఆ పాతమనిషి ఫోను సంఖ్య మావద్ద లేదు. కావలివానిని అడుగగా, ఆతడు పల్లెకు పోయెననెను.

మాఘమున తమ్మునికి మఱియొక సంబంధము వచ్చినది. పరిచయపత్రమును మేమే వ్రాసితిమి. సొంతయిల్లు అను చోట, “కలదు, చక్రములు గలది,” అని వ్రాసి తల్లిగారికి చూపితిమి. ఆమె కండ్లజోడు తీసి, “చక్రముల మాట కొట్టివేయరా నాయనా,” అనిరి. కొట్టివేయమంటిమి. ఆ రాత్రి మాటలు లేవు. మఱునాడు కాఫీ యిచ్చుచు, “గొట్టము పగిలిన వాడే బాగుచేయునంటివే, ఆ మాట వ్రాసితివా?” అని అడిగిరి. వ్రాయలేదంటిమి. వ్రాయుమనిరి.