ముదిగుబ్బ ఆరోగ్య లెక్కలు: ఏ జనం మీద నిలిచిన అంకెలు?

ఒక ప్రాంతపు ప్రజలకు ఏ వైద్యసేవ ఎంత కావాలో, అది ఎవరికి అందడం లేదో, ఉన్న డబ్బును ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలో తేల్చే పనిని ప్రజారోగ్య శాస్త్రంలో సామాజిక ఆరోగ్య అవసరాల అంచనా అంటారు. అనంతపురం నుండి కదిరి వెళ్లే రహదారి మీద బత్తలపల్లి దాటాక వచ్చే ముదిగుబ్బ మండలంలో ఈ అంచనాకు కావలసిన సమాచారం ఎక్కడెక్కడ దొరుకుతుందో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చూడడమే అక్కడ చేసిన పర్యటన ఉద్దేశం. సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉండే సీమలో, వేరుశనగ పైరు ఎండిపోతే కుటుంబాలకు కుటుంబాలే బెంగళూరు దారి పట్టే పల్లెల్లో, ఊళ్లో ఎంతమంది ఉన్నారన్న మొదటి ప్రశ్నకే కాలాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఏ రోగపు రేటులోనైనా రెండు భాగాలుంటాయి: పైన ఉండేది రోగుల లేదా మరణాల సంఖ్య, అంటే లవం, కింద ఉండేది వారు ఏ జనంలో నుంచి వచ్చారో ఆ జనం సంఖ్య, అంటే హారం. ముదిగుబ్బలో చిక్కంతా హారంతోనే మొదలవుతుంది. చివరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగవలసినది వాయిదా పడింది, దానికి 2027 మార్చి 1ని గణన తేదీగా నిర్ణయించారు. 2011లో 40,81,148 జనాభాతో, 63 మండలాలతో ఉన్న అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండయింది. 32 మండలాలతో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి ముదిగుబ్బ చేరింది. జిల్లా స్థాయి ఆరోగ్య వివరాలకు అందరూ ఆధారపడుతూ వచ్చిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ముగిసింది. కనుక అందులోని అనంతపురం పట్టికలో రాయదుర్గం, గుంతకల్లు, హిందూపురం, ముదిగుబ్బ అన్నీ ఒకే అంకెలో కలిసిపోయి ఉన్నాయి.

ఆ సర్వేకు రాష్ట్రం మొత్తం మీద తీసుకున్న కుటుంబాలు 11,346. వాటిని అప్పటి 13 జిల్లాలకు పంచితే జిల్లాకు తొమ్మిది వందలకు లోపు, ఆ వాటాను అనంతపురం జిల్లాలోని 63 మండలాలకు పంచితే మండలానికి సుమారు 14 వస్తాయి. నిజానికి సర్వే కొన్ని గ్రామాలను, పట్టణ వార్డులను ఎంచుకొని అక్కడే గుంపుగా ఇళ్లను తీసుకుంటుంది గనుక చాలా మండలాలకు ఆ పద్నాలుగు కూడా దక్కకపోవచ్చు. ఇది సర్వే లోపం కాదు, అది జిల్లా కోసం చేసిన కొలత. రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అది చెప్పినప్పుడు ఆ మాటను బరువుగానే తీసుకోవాలి. అయితే అదే శాతంతో ముదిగుబ్బ స్త్రీల సంఖ్యను గుణించి, ఇన్ని ఐరన్ మాత్రలు చాలునని తేల్చడం తప్పు. పైగా ఆ సర్వే వేలి కొన నుండి తీసిన చుక్క రక్తాన్ని చిన్న యంత్రంలో పరీక్షించింది. నరం నుండి తీసిన రక్తాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే ఫలితం వేరుగా రావచ్చు గనుక, ఆసుపత్రి అంకెను సర్వే అంకె పక్కన పెట్టేముందు రెండూ ఏ పద్ధతిలో కొలిచినవో అడగాలి.

మండలంలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో బల్ల మీది పుస్తకాలు ఈ లోటును కొంత తీర్చేవి. ఇంటింటి సర్వే రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు ఉపకేంద్రపు ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం దగ్గర ఉంటాయి. ఆశా కార్యకర్త డైరీ వేరు, అంగన్‌వాడీ టీచరు ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్ వేరు. కుటుంబ నియంత్రణకు పై నుండి లక్ష్యాలు విధించే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 1996 ఏప్రిల్‌లో దేశమంతటా ఎత్తివేసి, మరుసటి ఏడాది దాని స్థానంలో వచ్చిన విధానానికి సామాజిక అవసరాల అంచనా పద్ధతి అని పేరు పెట్టింది. ఊరికి ఏం కావాలో ఢిల్లీ కాక, ఊరి ఇళ్లు తిరిగే ఏఎన్‌ఎమ్మే లెక్కకట్టాలన్నది అందులోని ఉద్దేశం. ఆ లెక్క విధానం సులువైనది. మైదాన ప్రాంతంలో ఉపకేంద్రానికి ప్రమాణమైన 5,000 జనాభాను తీసుకొని, జననరేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 80 కాన్పులు. గర్భస్రావాల వంటి నష్టాలకు పదో వంతు కలిపితే 88 మంది గర్భిణులు నమోదు కావాలి. రిజిస్టరులో 60 మందే ఉన్నారనుకుంటే, తక్కువైన 28 మంది ఏఎన్‌ఎం కంట పడలేదా, వలసలో ఉన్నారా, లేక 5,000 అన్న హారమే పాతబడిందా అన్నది ఆ అంకె చెప్పదు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం వల్ల ఒకే గర్భిణి అత్తవారి ఊళ్లోనూ పుట్టింటి ఊళ్లోనూ నమోదు కావచ్చు, బెంగళూరులో కట్టడాల దగ్గర గుడిసెలో ఉన్న ఆమె రెండు చోట్లా లేకపోవచ్చు. 88కి సరిగ్గా 88 నిండిన రిజిస్టరును కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. సమీక్షలో శాతం తగ్గితే మాట పడవలసింది ఆ పుస్తకం రాసే మనిషే గనుక, అంకెను నింపమనే ఒత్తిడి కూడా ఆమె మీదే ఉంటుంది.

నీటి విషయంలో సమాచారం మరో రకంగా తికమక పెడుతుంది. గ్రానైటు, నైసు రాళ్లలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ కరుగుతుంది. ఈ ఫ్లోరైడు మితిమీరితే వచ్చే, ఎముకలను వంచే జబ్బును మన దేశంలో వైద్యలోకం గుర్తించింది తెలుగు నేల మీదనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, 1937లో వెలువడిన పరిశోధన ద్వారా. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఈ సీమలోని ఒక ఊరికి ఒక బోరు ఫలితాన్ని రాసి, అదే ఊరి ఫ్లోరైడు అనుకోవడం వల్ల జరిగే పొరపాటు చిన్నది కాదు. బోరు లోతును బట్టి, వానాకాలం వేసవులను బట్టి అంకె మారుతుంది. అదీగాక చాలా ఇళ్లలో తాగేది ప్లాంటు నుండి తెచ్చుకున్న ఫిల్టరు నీళ్లు, అన్నం పప్పు ఉడికించేది బోరు నీళ్లు. అందువల్ల ఎన్ని బోర్లలో ఎంత ఉందన్నదానికంటే, ఏ ఇంటివారు ఏ నీటిని దేనికి వాడుతున్నారన్నది విలువైన ప్రశ్న, దానికి జవాబు ఏ పోర్టల్‌లోనూ ఉండదు.

బడిలో పిల్లల పళ్లు ఇంకొక రిజిస్టరు లాంటివి. శాశ్వత దంతాల పింగాణీ పొర దాదాపు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. ఆ వయసులో ఫ్లోరైడు మితిమీరితే పళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు గీతలు నిలిచిపోతాయి. పన్నెండేళ్ల పిల్ల పంటి మీది గీత నిన్నటి నీటి సంగతి కాదు, నాలుగేళ్ల వెనకటికీ అంతకు ముందుకూ చెందిన నీటి సాక్ష్యం. ఈ కాలవ్యవధి తెలియనివారు కొత్త మంచినీటి పథకం వచ్చిన ఏడాదికే బడికి వెళ్లి, మచ్చలు తగ్గలేదు గనుక పథకం విఫలమైందని రాసే ప్రమాదముంది. అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరిచ్చిన సత్యసాయి తాగునీటి పథకం వంటి వాటి ఫలితాన్ని, ఆ నీరు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లలో వెతకాలి. అక్కడ కూడా వలస అడ్డొస్తుంది: తెల్లని పళ్లతో నవ్వే పిల్లవాడు తొలి ఎనిమిదేళ్లు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగాడో తల్లిని అడిగి తెలుసుకోనిదే అతడిని ఈ ఊరి లెక్కలో వేయరాదు.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆసుపత్రి బత్తలపల్లిలో ఉంది. అటువంటి ఏ పెద్ద ఆసుపత్రి వివరాలైనా నాణ్యమైనవి కావచ్చు గాని, అవి వచ్చినవారి వివరాలు; బస్సు ఛార్జీ లేనివారు, కూలి పోతుందని ఆగిపోయినవారు అందులో కనబడరు. మరణాల సంగతి ఇంకా కష్టం. 1969 నాటి చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, అయితే ఇంట్లో పోయినవారికి వైద్యుడు రాసిన కారణం ఉండదు. అటువంటప్పుడు చివరి రోజుల్లో జ్వరమా, ఆయాసమా, ఛాతీ నొప్పా అని ఇంటివారిని పద్ధతి ప్రకారం అడిగి కారణాన్ని ఊహించే మౌఖిక విచారణ ఒక్కటే దారి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నలు వేయడానికి ఊరికి తెలిసిన మనిషే కావాలి, అందుకే ఆ పని ఆశా కార్యకర్త తోడు లేకుండా సాగదు.

ఉపకేంద్రంలోని సర్వే రిజిస్టరులో కొన్ని ఇళ్ల ఎదుట ‘డోర్ లాక్’ అని రాసి ఉంది. సర్వే భాషలో దీనికి సమాచారం అందని ఇల్లు అని అర్థం, లెక్క కట్టేటప్పుడు ఆ వరుసలను వదిలేసి మిగిలినవాటితోనే శాతం తీయడం వాడుక. తాళం పడిన ఇళ్లు ఊరికి సగటు ఇళ్లే అయితే దాని వల్ల నష్టం తక్కువ. ఇక్కడ తాళం పడింది సెంటు మాగాణి లేని ఇళ్లకు, అప్పుతో బోరు వేసి నీళ్లు పడనివారి ఇళ్లకు, అంటే అంచనా ఎవరి కోసం చేయాలో వారి ఇళ్లకే. పొలంలో వేరుశనగ ఉన్నప్పుడు ఒకసారి, వేసవిలో ఊరు సగం ఖాళీ అయినప్పుడు ఇంకోసారి తిరిగి, రెండు హారాలనూ వేరువేరుగా రాసిపెట్టుకోవాలి. తాళం పడిన ఇళ్ల వరుసల్లో ఎవరి పేర్లు రాయాలో పక్కింటి ముసలమ్మను అడగాలి, ఉగాదికి వారు ఇంటికి వచ్చే నాలుగు రోజుల్లో మళ్లీ ఆ గడపకు వెళ్లాలి.