వదినా... ఒక లెక్క!

ఒక పాత్రలో 40 లీటర్ల పాలున్నాయి. అందులోంచి 4 లీటర్లు తీసేసి, ఆ మేరకు నీళ్లు పోశారు. ఇలాగే మరో రెండుసార్లు చేశారు. ఇప్పుడు పాత్రలో మిగిలిన పాలెన్ని?

పోటీ పరీక్షల పుస్తకం ఏది తిరగేసినా ఈ లెక్క ఎదురవుతుంది. ఎంబీఏ కోసం మన దగ్గర రాసే ఐసెట్ కావచ్చు, ఐఐఎంల క్యాట్ కావచ్చు, బ్యాంకు పరీక్ష కావచ్చు... అంకెలు మారతాయంతే, ఆ పాలవాడు మారడు! తీసిన ప్రతిసారీ పాలల్లో పదోవంతు పోతుంది, పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. కాబట్టి 40ని మూడుసార్లు 0.9తో గుణించాలి. 29.16 లీటర్లు. కిటుకు తెలిసినవాళ్లకు అర నిమిషం పని.

మా మరదలికి పావుగంట పట్టింది. లెక్క రాక కాదు, నవ్వు ఆగక.

'ఎవరు వదినా, ఇట్ల కొలిచి కొలిచి నీళ్లు పోసేది? మొదటిసారికే కేంద్రంలో దొరికిపోతారు గదా!'

ఆమె పుట్టిల్లు ఐరాల దగ్గర ఒక పల్లె. పొద్దున అయిదింటికి క్యాను పట్టుకుని పాల కేంద్రం ముందు నిలబడిన పిల్ల. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డాక ఆ చుట్టుపక్కల ఊళ్ల పాలు ప్రైవేటు డెయిరీల క్యాన్లలోకే వెళ్లాయి. వెన్న శాతం ఎంతుంటే అంత డబ్బు. పాయింటు తగ్గితే పదిహేను రోజుల బిల్లులో ఎంత కోత పడుతుందో ఆమెకు ఎనిమిదో తరగతికే తెలుసు. మరి మిశ్రమాల లెక్క రాకేం! 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు, మూడున్నర శాతం ఉన్న ఆవు పాలు ఏ నిష్పత్తిలో కలిపితే 5 శాతం వస్తుందని అడిగాను. నేను కాగితం మీద గీత గీసేలోపే 'మూడు క్యాన్లు గేదెవి, నాలుగు ఆవువి' అనేసింది. వేసి చూడండి, సరిగ్గా అంతే.

మరదలంటే మా తమ్ముడి భార్య. కాపురం చిత్తూరులో. బీకాం చదివింది, అదీ తెలుగు మీడియంలో. నాలుగేళ్ల పాప. కిందటేడు దీపావళికి వెళ్లినప్పుడు ఐసెట్ రాస్తానని అందరి ముందూ అంది. మావాడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా 'రాయి, ర్యాంకు వస్తే చూద్దాం' అన్నాడు. మా ఇళ్లలో ఈ 'చూద్దాం' ఉంది చూశారూ... దాన్ని 'వద్దు' అనడానికి మర్యాదైన మాటగానే వాడుతుంటారు. వచ్చే ఏడు రాద్దాంలే అనుకోవడానికీ లేదు. ఇంకో బిడ్డ సంగతి అప్పటికే ఇంట్లో మొదలైంది. రాసేదేదో ఈసారే రాయాలని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

డిగ్రీలో లెక్కలు చదివి, ఆ తర్వాత జర్నలిజం డిప్లొమా పట్టుకుని ఈ ఆదివారం పేజీల్లో పడ్డదాన్ని నేను. అందుకని ఆ బాధ్యత నా మీద పడింది. తిరుపతిలో నేను పేజీ ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి పది. అక్కడ పాప నిద్రపోయేదీ అప్పుడే. ఫోన్ మోగేది. 'వదినా, ఒక లెక్క!'

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. గణితానికి 55, విశ్లేషణకు 75, మిగతావి భాషా సామర్థ్యానికి. తప్పు రాస్తే మార్కులు పోవు. క్యాట్‌లో అలా కాదు. ప్రశ్నలు తక్కువ, ఒక్కోటీ కొరకరాని కొయ్య, ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు జవాబు పెడితే ఒక మార్కు కోత. ఐఐఎంలు మొదలైంది 1961లో, ముందు కోల్‌కతా, అహ్మదాబాద్‌లలో. మన రాష్ట్రానికి విశాఖపట్నంలో ఒకటి వచ్చేసరికి 2015 అయింది. ఆ గొడవ మాకెందుకులెండి. మా మరదలి గురి అంతా తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, లేదంటే ఎస్వీ యూనివర్సిటీ. అక్కడైతే ఫీజు భరించగలరు. అక్కడ సీటు కావాలంటే మంచి ర్యాంకు కావాలి.

మొదట్లో రెండు ఆదివారాలు తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్‌కు వచ్చింది. పాఠం అంతా ఇంగ్లీషులో, అదీ రైలు వేగంతో. మూడో ఆదివారం రాలేదు. 'ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్ అని ఒకటే పోరు వదినా. మన క.సా.గు., గ.సా.భా.నే అని ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయింది?' అంది. నిజమే కదా! పరీక్ష పేపర్లో గణితం ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. తెలుగు మీడియం పిల్లలకు ఆ సంగతి చెప్పకుండానే కోర్సు పూర్తిచేసేవాళ్లున్నారు.

వడ్డీ లెక్కల దగ్గర ఇంకో తమాషా. 50,000 రూపాయలకు ఏడాదికి 18 శాతం చొప్పున 8 నెలలకు సాధారణ వడ్డీ ఎంత? సూత్రంలో అంకెలు వేసి, పన్నెండుతో భాగించడం మరచిపోయి తికమక పడుతోంది. 'రూపాయిన్నర వడ్డీ అనుకో' అన్నాను. అంతే! నూటికి నెలకు రూపాయిన్నర, అయిదు వందల నూర్లకు 750, ఎనిమిది నెలలకు 6,000. 'అట్ల అడగొచ్చు గదా వాళ్లు' అని పుస్తకం మీద విసుక్కుంది. చక్రవడ్డీ మాత్రం నేను నేర్పాల్సిన పని పడలేదు. వాళ్ల నాయన బోరు కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. నీళ్లు పడలేదు. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త ప్రోనోటు రాయించుకుంటూ పోతే నాలుగేళ్లు తిరక్కుండానే అప్పు రెట్టింపవుతుందని ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇలాంటి లెక్కలు మనకు కొత్తవేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణిత సార సంగ్రహం' రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన పదకొండో శతాబ్దం వాడని చెబుతారు. మహావీరుడి పుస్తకంలో మిశ్రమాలకు ఒక అధ్యాయమే ఉంది, వడ్డీ లెక్కలున్నదీ అందులోనే. ఈ మాట చెబితే మా మరదలు 'పద్యాల్లోనా? అయితే 45 సెకన్లు చాలవు' అంది!

సగటు వేగం లెక్కకు ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు, కొండ ఉంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు ఎక్కేది ఒకదాంట్లో, దిగేది ఇంకోదాంట్లో. రెండూ 18 కిలోమీటర్లే అనుకోండి. సప్తగిరి బస్సు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కి, 30 వేగంతో దిగింది. సగటు? మా ఆఫీసులో నలుగురిని అడిగితే ముగ్గురు 25 అన్నారు. ఎక్కడానికి 54 నిమిషాలు, దిగడానికి 36. మొత్తం 36 కిలోమీటర్లకు గంటన్నర, అంటే 24. మెల్లగా పోయిన దారిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి సగటు అటువైపు మొగ్గుతుంది. షార్ట్‌కట్ సూత్రాలు బట్టీ పట్టించేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పరు. నాకు వాళ్ల మీద కోపం అందుకే.

ఆమెకు బాగా నచ్చింది మాత్రం నేను ఊహించని విభాగం. దత్తాంశ పర్యాప్తత! పేరు చూసి మొదట హడలిపోయింది. విషయం చాలా తేలిక. ఇక్కడ జవాబు కనుక్కోనక్కర్లేదు. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా లేదా చెబితే చాలు. ఇద్దరు పిల్లల వయసుల మొత్తం 20. పెద్దవాడి వయసెంత? ఒకటో వాక్యం: ఇద్దరికీ తేడా నాలుగేళ్లు. రెండో వాక్యం: చిన్నవాడికి ఎనిమిది. ఏ ఒక్కటి ఉన్నా సరిపోతుంది. అదే 'పెద్దవాడు చిన్నవాడి కంటే పొడుగు' అని ఇస్తే? ఎంత గింజుకున్నా రాదు. ఇంట్లో ఉన్న బియ్యం చుట్టాలకు సరిపోతాయా లేదా అని డబ్బా మూత తీసి ఒక్క చూపుతో చెప్పేవాళ్లకు ఇది కొత్త విద్య కాదు కదా! ఇరవై ప్రశ్నలకు పద్దెనిమిది, పందొమ్మిది చొప్పున కొట్టేది.

మార్చిలో మావాడు తన లెక్కలు తీశాడు. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. పోనూ రానూ రోజుకు నాలుగు గంటలు బస్సులోనే. పాపనెవరు చూస్తారు? వంట? హాస్టల్లో ఉంటే ఖర్చు? అన్నీ సరైన ప్రశ్నలే. కాకపోతే వాటికి జవాబులు తనొక్కతే చెప్పాలన్నట్టు అడిగాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి 'చూద్దాం అన్నాడు గదా వదినా, ఆ ఒక్క వాక్యంతో జవాబు రాదు. రెండో వాక్యం ర్యాంకు. ముందు అది రానీ' అంది. తర్వాత కాలం-పని లెక్కలు మూడు చేశాం.

మా అమ్మ వీటిలో ఎప్పుడూ కల్పించుకోలేదు. ఒక ఆదివారం నేను వెళ్లినప్పుడు మాత్రం, పాపకు అన్నం పెడుతూ 'పొద్దున బడికి దించేది నేనే, తెచ్చేదీ నేనే, ఇప్పుడేం కొత్త' అంది. ఎవరితో అందో తెలీదు. మావాడు పక్క గదిలో ఉన్నాడు.

పరీక్ష తిరుపతిలోనే పడింది. ముందురోజు రాత్రే మా ఇంటికొచ్చింది. లెక్కలు చేయనివ్వలేదు, పెందలాడే పడుకోమన్నాను. బయటికొచ్చాక '171 చేసినా వదినా, తక్కిన 29 కళ్లు మూసుకుని పెట్టేసినా' అంది. మైనస్ మార్కుల్లేనప్పుడు అదే పద్ధతి. నాలుగింట ఒకటి తగిలినా ఏడు మార్కులు. కీ వచ్చాక సరిచూసుకుంటే గణితంలో 55కు 41. విశ్లేషణ ఇంకా బాగా చేసింది. ఇంగ్లీషు దగ్గర కొంచెం దెబ్బ తిన్నట్టుంది.

ర్యాంకు ఇంకా రాలేదు. మొన్న శనివారం రాత్రి పదింటికి ఫోన్ మోగితే మరదలే అనుకున్నా. మావాడు. వాళ్లూ వీళ్లూ బాగున్నారా అని కాసేపు మాట్లాడి, ఉన్నట్టుండి అడిగాడు.

'అక్కా, సాయంత్రం యూనివర్సిటీ వదిలేది ఎన్ని గంటలకు? అప్పుడు మన చిత్తూరుకు బస్సులుంటాయా?'