నీళ్లు దాక్కునే ఊరు మాలమ్

ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైర్ డేల్స్ కొండల నడుమ ఉన్న చిన్న పల్లె మాలమ్. బూడిదరంగు రాతి ఇళ్లు, ఊరి మధ్య వాగు, దాని మీద రాతి వంతెన. చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు కొండ కొసదాకా ఎక్కిపోతాయి. రైలెక్కాలంటే వేరే ఊరికి వెళ్లాల్సిందే.

ఊరు దాటి ఉత్తరంగా కాస్త నడిస్తే మాలమ్ కోవ్ ఎదురవుతుంది. నెలవంకలా వంగిన నిట్టనిలువు సున్నపురాతి గోడ అది, ఎత్తు సుమారు 80 మీటర్లు. దాని కింద నిలబడి తలెత్తితే నోట మాట రాదు. మంచుయుగం ముగిసే వేళ కరిగిన మంచునీరు దీని మీదుగా జలపాతమై దూకింది. నేడు పైన వాగే లేదు. అడుగున రాతి సందులోంచి మాత్రం నీరు చప్పుడు చేయకుండా బయటికొస్తుంది.

ఆ నీటి కథే మాలమ్ అసలు అందం.

కొండ మీద 377 మీటర్ల ఎత్తున మాలమ్ టార్న్ అనే సరస్సు ఉంది. సున్నపురాతి నేలలో నీరు నిలవదు. ఈ సరస్సు అడుగున నీటిని ఇంకనివ్వని పలకరాయి ఉండబట్టి నిలిచింది. అందులోంచి సాగిన వాగు పలకరాయి దాటి సున్నపురాయి మీదికి రాగానే భూమిలోకి జారిపోతుంది. అదే కోవ్ కింద తేలుతుందని చూసినవారు అనుకుంటారు. కానీ అందులో ఎక్కువ భాగం ఊరికి దక్షిణాన ఊటలై పైకి ఉబుకుతుంది. కోవ్ కింద కనిపించేది ప్రధానంగా, ఒకప్పటి సీసం కొలిమి దగ్గర ఇంకిన మరో వాగు నీరు. ఊరి దిగువన రెండూ కలిసి ఏర్ నదిగా లీడ్స్ నగరం వైపు సాగుతాయి.

గాలిలో, మట్టిలో బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు సున్నపురాయిని మెల్లగా కరిగించి ఈ దారులు తొలిచింది. మన నంద్యాల జిల్లా బేలం గుహలను మలిచిందీ అలాంటి నీరే. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపాను కుండపోతకు ఆ దారులు చాలక, కొన్ని గంటలపాటు కోవ్ మీదినుంచి మళ్లీ జలపాతం దూకింది. ఊళ్లో బతికున్నవారెవరూ అంతకుముందు ఆ దృశ్యం చూసి ఎరగరు.

కోవ్ నెత్తిన బండలు పలకలుగా చీలి ఉంటాయి. గాలి తగలని ఆ చీలికల్లో ఫెర్న్ మొక్కలు పెరుగుతాయి.

మధ్యయుగాల్లో ఈ బీళ్లలో ఫౌంటెన్స్ మఠం గొర్రెలు మేశాయి. దగ్గరలోని గోర్డేల్ స్కార్ లోయను జేమ్స్ వార్డ్ భారీ చిత్రంగా గీశాడు. 1965లో తెరిచిన పెన్నైన్ వే కాలిబాట ఊరి గుండానే వెళ్తుంది. తడిసిన సున్నపురాయి బాగా జారుతుంది కనుక పట్టున్న బూట్లు వేసుకుని వెళ్లాలి.