చవక టైర్లు: ఎనిమిదేళ్ళ లెక్క

మా హోసూరు ప్రాంతంలో తల్లిదండ్రులు నన్ను పాఠాల గురించి ఎంతగా అడుగుతారో, సైకిలు టైర్ల గురించీ దాదాపు అంతగానే అడుగుతారు. దీనికి కారణం లేకపోలేదు. ఇంగ్లీషు బడి వ్యాను ఇంటి గుమ్మం ముందుకే వస్తుంది. తెలుగు విభాగం ఉన్న బడికి మాత్రం పిల్లవాడు ఐదారు కిలోమీటర్లు సైకిలు తొక్కి రావాలి. పదకొండవ తరగతిలో ప్రభుత్వం ఇచ్చే ఉచిత సైకిలు చేతికి వచ్చేవరకు, అన్న తొక్కి విడిచినదో, సంతలో సగం ధరకు దొరికినదో, లావు టైర్ల మౌంటెన్ బైకు ఒకటి చాలా ఇళ్ళలో ఆధారం. ఆ బండికి టైరు పాడైన వారం హాజరుపట్టీలో వరుసగా సున్నాలు పడతాయి. కనుక ఈ విషయం ఉపాధ్యాయులకు సంబంధించనిది కాదని నా మనవి.

నేను 2016 జూన్ నుండి 26 అంగుళాల మౌంటెన్ బైకు మీద బడికి వెళుతున్నాను. పోను ఏడు, రాను ఏడు కిలోమీటర్లు. అందులో నాలుగు తారురోడ్డు, మిగిలిన మూడు కంకర, ఎర్రమట్టి, వానాకాలంలో బురద. ముందు చక్రపు స్పోకుకు అయస్కాంతం కట్టిన చిన్న మీటరు ఒకటి ఉంది. దాని అంకెలను, పంక్చరు పడిన ప్రతిసారి తేదీతో సహా, ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. లెక్కల మాస్టారికి ఉండే జబ్బు అనుకోండి.

సైకిలుతో పాటు వచ్చిన వెనుక టైరు నిండా బుడిపెలు ఉన్నది. అది 3,100 కిలోమీటర్లు నడిచింది. దాని స్థానంలో 2017లో అదే రకం టైరును 280 రూపాయలకు కొన్నాను. అది 3,300 కిలోమీటర్లకు మధ్యలో నున్నగా అయిపోయింది. రెండింటిలోనూ అరుగుదల ఒక్క తీరుగానే సాగింది. అంచుల్లోని బుడిపెలు కొత్తవిగానే ఉండగా, మధ్య వరుస మాత్రం అరిగిపోయింది. తారురోడ్డు మీద నేలను తాకేది ఆ మధ్య వరుసే కదా. కొండల కోసం చేసిన ఆ బుడిపెలు తారు మీద గుయ్యిమని మోగుతాయి, తొక్కేవాడి శక్తిని తినివేస్తాయి, తామూ త్వరగా అరిగిపోతాయి. అయినా దుకాణంలో పిల్లలు వాటినే కోరుకుంటారు, చూడటానికి గంభీరంగా ఉంటాయని.

2018 చివరిలో రకం మార్చాను. దీనికి మధ్యలో తెగకుండా సాగే ఒక గట్టు, అంచుల్లో మాత్రమే బుడిపెలు. వెల 390 రూపాయలు. 2020 మార్చిలో బడులు మూతపడేనాటికి అది 3,600 కిలోమీటర్లు నడిచి, ఇంకా సగానికి పైగా మిగిలి ఉంది. కాని దానిని చంపినది రోడ్డు కాదు. నెలల తరబడి సైకిలు వసారాలో, మధ్యాహ్నపు ఎండ పడే చోట, గాలి దిగిపోయి నిలబడి ఉండటంతో, నేలకు ఆనుకున్న చోట టైరు ప్రక్కగోడ మడత పడి, ఆ మడత వెంట సన్నని పగుళ్ళు దారాల వరకు దిగాయి. రబ్బరుకు ఎండ, గాలిలోని ఓజోను రెండూ శత్రువులే. సాగదీసి ఉన్నచోట, వంగి ఉన్నచోట ఆ పగుళ్ళు మరీ తొందరగా వస్తాయి. కనుక వేసవి సెలవులకు ముందు టైర్లలో గాలి నింపి, వీలైతే సైకిలును కొక్కేనికి వ్రేలాడదీసి, లేదా తలక్రిందులుగా నీడలో పెట్టమని పిల్లలకు చెబుతున్నాను. దీనికి ఖర్చు ఏమీ లేదు.

2021 సెప్టెంబరులో అదే రకం మళ్ళీ 420 రూపాయలకు కొన్నాను. సెలవుల్లో నీడలో వ్రేలాడిన ఆ టైరు 5,400 కిలోమీటర్లు నడిచింది. ఈలోగా మా బడిలోని మరొక ఉపాధ్యాయుడు, అదే దారిన వచ్చేవారు, 1,600 రూపాయల విదేశీ టైరు వేయించారు. లోపల పంక్చరు పడకుండా రబ్బరు పొర ఒకటి ఉంటుంది దానిలో. అది 8,000 కిలోమీటర్లు నడిచింది.

టైరు వెలను దూరంతో భాగిస్తే, బుడిపెల టైరుకు కిలోమీటరుకు ఎనిమిదిన్నర పైసలు, గట్టు టైరుకు దాదాపు ఎనిమిది, విదేశీ టైరుకు ఇరవై. చవకదే గెలిచినట్టు కనబడుతుంది. కాని పంక్చర్లు కలపకుండా ఈ లెక్క పూర్తి కాదు. 3,300 కిలోమీటర్ల బుడిపెల టైరులో పదకొండు పంక్చర్లు, 5,400 నడిచిన గట్టు టైరులో ఆరు, విదేశీ టైరులో మూడు. పంక్చరు కూలి కలిపితే మొదటిది పదిహేను పైసలకు, రెండవది పదకొండుకు చేరుతుంది, మూడవది ఇరవై ఒకటి దాటదు. డబ్బు వరకు మధ్య రకానికే నా ఓటు. అయితే పదకొండు పంక్చర్లు అంటే పదకొండు ఆలస్యపు ఉదయాలు. ఆ అంకెను పైసల్లోకి మార్చడం నాకు చేతకాలేదు.

ఈ పంక్చర్లలో సగానికి పైగా పల్లేరు కాయలవల్లనే. కంచె నుండి రాలిన తుమ్మముళ్ళు తరువాతివి. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఈ మాట తరగతిలో చెబితే ఒక పిల్లవాడు దానిని నెరుంజి అన్నాడు, బెంగుళూరు వైపు నుండి వచ్చిన పిల్ల నెగ్గిలు అంది. పల్లేరు అన్న పేరు తెలిసినవారు ఇద్దరే, ఇద్దరూ అవ్వ దగ్గర పెరిగినవారు. ఆ రోజు పాఠం దారి తప్పింది, కాని నేను వారించలేదు.

ఇక చవక టైరు గురించి ఒక మంచి మాట చెప్పాలి. దాని లోపలి నైలాను దారాలు అంగుళానికి తక్కువగా, లావుగా ఉంటాయి. అందువల్ల టైరు బరువు, తొక్కుడు కష్టం. కాని ఆ మందపు ప్రక్కగోడ కంకర రాళ్ళకు అంత తేలికగా తెగదు. తేలికైన ఖరీదు టైర్లు కొన్ని ఈ ఒక్క విషయంలో దానికి తీసికట్టే. మన దారులకు అది చిన్న గుణం కాదు.

2022లో తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్ళి విచారిస్తే, వెనుక టైరు ప్రక్కన అంగుళం మేర చీలి, ట్యూబు బయటకు ఉబ్బి, దారిలో పేలిందట. చవక టైరు అంతేనని, ఖరీదైనది వేయమని దుకాణదారు చెప్పాడట. ఆ తండ్రి నాతో అన్నమాట ఇది: “టైరు కొనేదానికి కాదు అయివారా నేను వెనకాడేది. దోవలో ఆడబిడ్డ ఒంటిగా నిలబడిపోతే ఎట్ల అని.” వ్యాను వచ్చే బడికి మార్చుదామన్న మాట ఇంట్లో అప్పటికే నడుస్తున్నది.

సైకిలును తిప్పి చూశాను. చీలిక ఉన్నచోటనే కాదు, టైరు చుట్టూ అదే ఎత్తులో ఒక సన్నని గీత కోసుకొని ఉంది. బ్రేకు కట్ట రిమ్మును కాక టైరును రాస్తున్నది. ఖరీదైన టైరు వేసినా నెల తిరిగేలోగా అదే గతి. అలెన్ కీతో కట్టను మూడు మిల్లీమీటర్లు క్రిందికి దించి, చీలికకు లోపల పాత టైరు ముక్క ఒకటి అడ్డం పెట్టి గాలి కొట్టాము. మెకానిక్కులు దీనిని గేటరు అంటారు. రెండు వారాలు అది ఆగింది, తరువాత ఆయన 400 రూపాయల టైరు వేయించారు. ఆ అమ్మాయి పదవ తరగతి తెలుగులోనే వ్రాసింది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. “26 టైరు ఇవ్వండి” అంటే చాలదు. 26 × 1.95 అన్నదానికి రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1 3/8 అన్నదానికి 590. ఒకటి మరొకదానికి పట్టదు. పాత టైరు ప్రక్కన 50-559 వంటి అంకె ముద్రించి ఉంటుంది, దానిని చీటీ మీద రాసుకొని వెళ్ళాలి. గాలి ఎంత కొట్టాలో కూడా అక్కడే ఉంటుంది. గాలి తక్కువైతే రాయి మీద ఎక్కినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి, పాముకాటులాగా రెండు రంధ్రాలు పడతాయి. అలాంటి జంట రంధ్రాలు చూస్తే ముల్లు కోసం వెదకవద్దు, పంపు కోసం వెదకండి.

వెనుక టైరు బరువు ఎక్కువ మోస్తుంది, త్వరగా అరుగుతుంది. అరిగినదానిని ముందుకు మార్చే అలవాటు మా వైపు బాగా ఉంది. అమెరికా సైకిలు మెకానిక్కు షెల్డన్ బ్రౌన్ (1944–2008) దీనికి నేరుగా విరుద్ధమైన సలహా ఇచ్చారు. కొత్తది ముందుకు వేసి, ముందుదానిని వెనుకకు మార్చమన్నారు. ముందు టైరు జారితే లేదా పేలితే మనిషి పడక తప్పదు కనుక. పిల్లల సైకిళ్ళకు నేను ఈ పద్ధతినే చేయిస్తున్నాను.

ఇప్పుడు మా ఉపాధ్యాయుల గది బీరువాలో అట్లాసుల ప్రక్కన 26 × 1.95 గట్టు టైర్లు రెండు, ట్యూబులు మూడు, ఒక పంపు ఉంటాయి. తలా కొంత వేసుకొని కొన్నాము. టైరు తీసుకున్న ఇంటివారు వీలైనప్పుడు డబ్బు ఇస్తారు, కొందరు ఇవ్వరు. క్రిందటి విద్యాసంవత్సరంలో నాలుగు టైర్లు అలా వెళ్ళాయి. ఈ జూన్‌లో మొదటిది తీసుకున్నది ఆరవ తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడు. వాళ్ళది బాగలూరు దాటిన ఊరు, రోజుకు పదహారు కిలోమీటర్లు.