గిల్గమేషు శోకమునకు మూడు సమాధానములు

మిత్రుడైన ఎన్కిదు మరణింపగా, ఉరుకు నగరపు రాజు గిల్గమేషు ఆ కళేబరమును ఆరు పగళ్లు, ఏడు రాత్రులు విడువడు. ముక్కునుండి పురుగు రాలిన పిమ్మట గాని ఖననమునకు సమ్మతింపడు. నాటి భయమే అతనిని అమృతత్వమునకై అడవులు పట్టించినది. చావు తప్పదని తెలిసిన మానవుడు జీవించుట ఎట్లు? ఈ కావ్యమునకు వెలసిన వ్యాఖ్యానములలో పెక్కు ఈ ప్రశ్నకడకే చేరుచున్నవి.

తొలినాళ్ల దృష్టి వేరు. నినెవె శిథిలములలో దొరకిన మట్టి ఫలకములను పరిశీలించిన జార్జి స్మిత్తు 1872 డిసెంబరులో పదునొకండవ ఫలకమందలి జలప్రళయ కథను లండనులో ప్రకటించెను. బైబిలు కథతో దానికి గల పోలిక అందరిని ఆకర్షించెను. మిత్రునికై ఏడ్చిన రాజు కొంత మరుగున పడెను.

నిజమునకు ఈ కావ్యము ఒకే కాలమున పుట్టినది కాదు. సుమేరు భాషలో గిల్గమేషును గూర్చి ఐదు విడికథలు కలవు. వానిలో ఎన్కిదు సేవకుడు. క్రీస్తుపూర్వము 18వ శతాబ్ది ప్రాంతపు బాబిలోనియా పాఠమున అతడు ప్రాణమిత్రుడైనాడు. అప్పుడే శోకము కావ్యమునకు జీవమైనది.

ఆ ప్రాచీన పాఠమున పానశాల నడుపు స్త్రీ రాజునకు హితము చెప్పును: కడుపార భుజింపుము, శుభ్రవస్త్రములు ధరింపుము, చేయి పట్టిన బిడ్డను చూచుకొనుము, భార్యను సంతోషపెట్టుము. పైకిది చార్వాకబోధవలె తోచును; కాని ఆ బిడ్డ చేతిని మరువనివారికి గృహస్థధర్మమే కనబడును.

సీన్ లేకి ఉన్నిన్ని పేర ప్రసిద్ధమైన అనంతర పాఠమున ఈ హితవు లేదు. దానికి మారుగ ఉరుకు ప్రాకారము కావ్యారంభమునను, పదునొకండవ ఫలకాంతమునను నిలిచినది. యౌవనమిచ్చు మూలికను పాము అపహరింపగా రిక్తహస్తుడై వచ్చిన రాజు నావికునకు ఆ గోడను చూపును. మనుజుడు పోయినను కృతి నిలుచునని దీని భావము.

పండ్రెండవ ఫలకమున మరణించిన ఎన్కిదు మరల సజీవుడై కనబడును. అది సుమేరు కథకు అనువాదమగుటచే పలువురు దానిని అనుబంధముగ నెంచిరి. కాని అందు పరలోకవార్త కలదు: పుత్రులు హెచ్చిన కొలది మృతుని స్థితి మెరుగు, తర్పణము విడుచువారు లేనివానికి ఎంగిలి మెతుకులే గతి. పితృకర్మలెరిగిన భారతీయ పాఠకునకు ఈ ఫలకము అతుకువలె గాక మూడవ సమాధానమువలె వినబడును.

ఈ మూటిలో ఏది సత్యమని వాదించుటకు ముందు ఏది ఏ పాఠమునకు చెందినదో తెలియవలెను. 1966లో ముగిసిన పూనా మహాభారత సంశోధిత ప్రతి మనకు నేర్పిన క్రమమిదియే. గిల్గమేషు విషయమున ఆండ్రూ జార్జి 2003 నాటి పరిష్కరణమున పాఠములను వేరుపరచి చూపెను. 2014లో వెలువడిన క్రొత్త శకలమున, నరకిన దేవదారు వనమును చూచి ఎన్కిదు పశ్చాత్తాపపడుట కనబడినది. వీరగాథగ చదివిన ఘట్టమునకు అపరాధచ్ఛాయ కలిగినది.

కావున ఈ కావ్యమునకు తొలి వ్యాఖ్యాతలు దాని ప్రాచీన సంపాదకులే. వారు హితవును తొలగించిరి, గోడను నిలిపిరి, పరలోకవార్తను చేర్చిరి. ఆ పురుగును మాత్రము ఎవరును తొలగింపలేదు.