షరాబ్ మాకు తెలిసిన తీరు

"మీరు తురకలు గదా, పానశాల పార్సీలోనే చదివుంటారే!"

బుచ్చిరెడ్డిపాలెం బడిలో తెలుగు మాష్టారు అన్న మాట ఇది. వెటకారం కాదు, నిజంగానే అనుకున్నారు. క్లాసులో తురక పిల్లలం ముగ్గురం, ముగ్గురమూ అన్నదమ్ముల బిడ్డలం. మొహాలు చూసుకున్నాం.

మాకు పార్సీ ఎక్కడిది? ఖురాను అరబ్బీలో వల్లె వేస్తాం, అర్థం తెలీదు. ఇంట్లో సగం తెలుగు కలిసిన దక్కనీ. రాసేదీ చదివేదీ తెలుగే. పార్సీ నేర్చుకుని ఉమర్ ఖయ్యామ్ రుబాయీల్ని 'పానశాల'గా తెలుగులోకి తెచ్చింది మా నెల్లూరు జిల్లా రైతుకవి దువ్వూరి రామిరెడ్డి. 1895లో పుట్టి 1947లో పోయారు. మావనుకునే మాటలు మాకు ఒక రెడ్డిగారు చెప్పాల్సొచ్చింది. సిగ్గేసింది. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకున్నాం.

"ఘర్ మే షరాబ్‌కి కితాబ్ లాయే క్యా రే?" బడే అబ్బా మండిపడ్డారు. దాదా మాత్రం నవ్వారు. మై అన్నా షరాబేననీ, జామ్ అంటే గిన్నె అనీ, సాకీ అంటే పోసేవాళ్ళనీ, సూఫీలకు ఆ మత్తు అల్లా మీది ప్రేమేననీ చెప్పారు. దాదా జీవితంలో చుక్క ముట్టలేదు. మా మొదటి పాఠం అది.

రెండోది ఫుప్పూ ఇంట్లో. ఫుప్పా సారా తాగేవారు. తాగి కొట్టేవారు. 1992లో మా జిల్లా దూబగుంట ఆడవాళ్ళు వర్ధినేని రోశమ్మతో కలిసి సారా మీద తిరగబడ్డారు. అది ఊరూరా పాకి 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు, అది వేరే గొడవ. ఆ రోజుల్లో మీటింగుకు ఫుప్పూని పిలవబోయిన పక్కింటావిడను ఇంకొకావిడ ఆపింది: "వాళ్ళల్లో తాగరమ్మా!" బడే అబ్బా అన్నదీ దాదాపు అదే. బయటికి పొక్కితే మన పేరు పోతుందని. వాళ్ళ మెచ్చుకోలూ మా వాళ్ళ పరువూ కలిసి ఆమె నోరు నొక్కాయి. బురఖా మీద వ్యాసాలు రాసేవాళ్ళకు ఈ పరదా కనపడదు. మేమూ ఇన్నేళ్ళు రాయలేదు.

నిరుడు బెంగుళూరులో ఉద్యోగం చేసే మా పిల్లవాడి దగ్గరికి వెళ్ళాం, ఫుప్పూని వెంటబెట్టుకుని. ఫుప్పా పోయి చాలా ఏళ్ళయింది. నంది కొండల వైపు ద్రాక్షతోటలూ, వైను చేసే చోటూ చూపించాడు పిల్లవాడు. నల్లద్రాక్ష లోపలి రసానికి రంగుండదట, ఎరుపంతా తోలుదేనట. తోలుతో పులిస్తే రెడ్ వైన్, తోలు తీసి రసం పులియబెడితే వైట్. ఈస్టు చక్కెరను ఆల్కహాలు చేస్తుంది. గాలి తగిలి ఇంకా పులిస్తే సిర్కా. షరాబ్ తనంతట తాను సిర్కా అయితే హలాల్ అని మౌల్వీసాబ్ చెప్పగా విన్నాం. హరాముకు పుట్టిన హలాలన్నమాట!

గ్లాసు చేతికిచ్చారు. వాసన చూశాం. దాదా చెప్పిన జామ్ ఇదా అనుకున్నాం.

"మతం ఒప్పుకోదా సార్?" అన్నాడు అక్కడి కుర్రాడు.

అవునన్నాం. ఫుప్పూ పక్కనే నిలబడి ఉంది. ఇంకేం చెప్తాం?

తిరిగొస్తూ దారిలో బెంగళూరు బ్లూ ద్రాక్ష కొన్నాం. ఫుప్పూ ఒక్కో పండూ నోట్లో పిండుకుని తోళ్ళు కాగితంలోకి ఉమ్మింది. చాలాసేపటికి అడిగింది, "ఆయన తాగింది ఇదేనా బేటా?"

ఆ సంగతి ఆమె నోటివెంట వినడం మాకదే మొదలు.

"కాదు ఫుప్పూ. అది చెరకు మడ్డితో చేసిన సారా."